హర్ఫ్‌కి మాలిక్ ఎవరు?



మన ఇళ్లలో ఒకే ఫోన్‌లో రెండు జబాన్లు నడుస్తాయి. ఖాలా ఉర్దూలో ఈద్ ముబారక్ పంపుతుంది. కాలేజీలో చదివే పిల్ల దానికి తెలుగులో జవాబు రాస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, తెలుగు ఎడమ నుంచి కుడికి. ఉర్దూలో 'బే' అనే హర్ఫ్ ఒంటరిగా ఉంటే ఒక షకల్, మాట మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో మరొకటి. తెలుగేం తక్కువ తినలేదు. 'స్త్రీ' అని రాస్తే యంత్రం లోపల దాచుకునేవి ఆరు సంకేతాలు, తెర మీద మనకు కనబడేది ఒక్క అక్షరం. ఈ ముడులన్నీ విప్పి, ఏ హర్ఫ్ ఏ రూపంలో ఎక్కడ కూర్చోవాలో లెక్క తేల్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో, లిబ్రెఆఫీస్‌లో ఆ పని చేసేది అదే. దాని పేరు హర్ఫ్‌బజ్.

వినడానికి ఏదో అమెరికా కంపెనీ పేరులా ఉంటుంది కానీ, మాట ఫార్సీది. హర్ఫ్ అంటే మనకు తెలిసిందే. బాజ్ అంటే ఫార్సీలో తెరిచి ఉన్నది. 'ఓపెన్‌టైప్' అనే ఫాంట్ల పద్ధతి పేరుకు అది తర్జుమా. దాన్ని ఈనాటి రూపానికి తెచ్చినవాడు ఇరాన్‌లో పుట్టిన ప్రోగ్రామర్ బెహ్‌దాద్ ఇస్ఫహబోద్. దానికి కిరాయి లేదు. ఎవరైనా లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. ఖాలా ఉర్దూనీ, పిల్ల తెలుగునీ ఒకే చేయి దిద్దుతోంది. ఆ చేయి ఎవరి నౌకరీలోనూ లేదు.

ఇది ఊరికే జరగలేదు. పర్సనల్ కంప్యూటర్ అంటే పేరులోనే ఉంది, అది నా జాతీ సొత్తు అని. మరి డబ్బిచ్చి కొన్న ఆ యంత్రానికి నేను మాలిక్‌నా, కిరాయిదారునా? యాభై ఏళ్లుగా నడుస్తున్న ఈ తగాదాను ఈసారి మన హర్ఫ్‌ల వైపు నుంచి చూద్దాం. నా బడి ఉర్దూ, నా డిగ్రీ తెలుగు. నాకు ఈ కథ అటునుంచే అర్థమైంది.

కాతిబ్ కలం నుంచి కంప్యూటర్ దాకా

తెలుగుకు సీసపు అచ్చులు పోసుకున్నారు. ఉర్దూ నస్తలీఖ్ ఖత్ మాత్రం ఆ అచ్చుల్లో సరిగ్గా ఒదగలేదు. నస్తలీఖ్‌లో మాట పైనుంచి కిందికి వాలుగా జారుతుంది, ఒక హర్ఫ్ పక్క హర్ఫ్‌ను బట్టి మెడ వంచుతుంది. అందుకే ఉర్దూ పత్రికలు లిథో రాతిని పట్టుకుని, కాతిబ్ కలం మీద బతికాయి. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' పత్రిక చేతిరాతతోనే 21వ శతాబ్దంలోకి నడిచి వచ్చింది.

మలుపు పాకిస్తాన్‌లో వచ్చింది. మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖుష్‌నవీస్ దాదాపు 20 వేల అక్షరాల జోడింపులను ఒక్కొక్కటిగా రాసి, వాటిని కంప్యూటర్‌కి ఎక్కించేలా చేశాడు. అదే నూరీ నస్తలీఖ్. 1981లో లాహోర్ 'జంగ్' పత్రిక ఆ ఖత్‌తో అచ్చయింది. ఆ యంత్రం పెద్ద పత్రికలకు తప్ప అందేది కాదు. 1994లో ఢిల్లీ సంస్థ ఒకటి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చి, అదే ఖత్‌ను మామూలు కంప్యూటర్ మీద కూర్చోబెట్టింది. ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలంటే అది పెద్ద ఖిద్మత్. చిన్న పత్రికలు, మదర్సా కితాబులు, పెళ్లి రుఖాలు అన్నీ దాని మీదే నడిచాయి.

కానీ దాని వెనుక ఒక తాళం ఉంది. ఇన్‌పేజ్ చాలా ఏళ్లు హర్ఫ్‌లను తన సొంత సంకేతాల్లో దాచింది. ఆ ఫైలు చదవాలంటే ఆ సాఫ్ట్‌వేరే కావాలి. వెల భరించలేనివాళ్లు దొంగ కాపీలతో గడిపారు. అంటే మన మజ్‌హబీ కితాబులు కూడా దొంగ కాపీ మీద తయారయ్యే హాలత్. ఇందులో కంపెనీని మాత్రమే అనడానికి లేదు, మనల్ని మాత్రమే అనడానికీ లేదు. హర్ఫ్‌కి ఒక మాలిక్ ఉంటే జరిగేదే ఇది.

తెలుగు వైపు కూడా ఇదే కథ. తొంభైల్లో డీటీపీ కోసం వచ్చిన తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తెలుగు బొమ్మలు పెట్టి నడిపాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు, లేని కంప్యూటర్‌లో ఇంగ్లీషు పిచ్చి గీతలు. నేను పని చేసిన ఒక పత్రికలో సాఫ్ట్‌వేర్ మారినప్పుడు ఏళ్ల తరబడి పోగేసిన వ్యాసాలు అలా గీతలైపోయాయి. కాగితం మీద ఉన్నవి మిగిలాయి, కంప్యూటర్‌లో ఉన్నవి ఉండీ లేనట్టయ్యాయి. చెదలు తినలేదు, వరదలో పోలేదు. తాళంచెవి వేరేవాళ్ల జేబులో ఉంది, అంతే.

ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు

ఈ తాళం ఎప్పుడు పడింది? మొదట్లో కంప్యూటర్లు విశ్వవిద్యాలయాల్లో ఉండేవి. అక్కడ ప్రోగ్రాములు పంచుకోవడం ఉస్తాద్, షాగిర్దుల మధ్య నోట్సు పంచుకున్నంత మామూలు. ఇంట్లో పెట్టుకునే చిన్న కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, 1976 ఫిబ్రవరిలో, ఇరవై ఏళ్ల బిల్ గేట్స్ ఆ యంత్రాల షౌకీన్లకు ఒక బహిరంగ లేఖ రాశాడు. మా ప్రోగ్రామును డబ్బివ్వకుండా కాపీ చేసుకుంటున్నారు, ఇది దొంగతనం, ఇలాగైతే మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారు అని దాని సారాంశం. మెహనత్‌కి కూలి అడగడం నాజాయిజ్ కాదు. కానీ ఆ దారిలో నడిచిన వ్యాపారం, కూలితో ఆగకుండా, ప్రోగ్రాము లోపల ఏముందో చూసే హక్కునే మూసేసింది.

రెండో దారి అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పని చేసే చోటికి ఒక కొత్త ప్రింటర్ వచ్చింది. అది తరచు కాగితం ఇరుక్కుని ఆగిపోయేది. పాత ప్రింటర్ ఆగితే కంప్యూటర్ మీద కబురు వచ్చేలా అతను ప్రోగ్రాము మార్చుకున్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని మూలం ఇవ్వలేదు. ఇంకో విశ్వవిద్యాలయంలో ఆ మూలం ఉన్న మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని వాగ్దానం చేశాను, కుదరదన్నాడు. నీళ్లు అడిగితే బావికి తాళం వేశామన్నట్టుంది. 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించాడు. ఒక పూర్తి కంప్యూటర్ వ్యవస్థను మొదటి నుంచి రాసి, అందరికీ వదిలేయాలని దాని ఉద్దేశం. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకు రెండు అర్థాలు. పాపం, అక్కడివాళ్లు దాన్ని విడమరచి చెప్పడానికి నలభై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. మనకు ఆ తక్లీఫ్ లేదు. ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. స్టాల్‌మన్ అడిగింది ముఫ్త్ సాఫ్ట్‌వేర్ కాదు, ఆజాద్ సాఫ్ట్‌వేర్. నడుపుకునే హక్కు, లోపల చూసి మార్చుకునే హక్కు, కాపీలు పంచే హక్కు, మార్చినదాన్ని పంచే హక్కు. ఈ నాలుగూ ఉంటే చాలు, వెల పెట్టి అమ్మినా ఆజాదే.

1989లో ఆయన జీపీఎల్ అనే లైసెన్సు రాశాడు. నాకు అది మొదటిసారి అర్థమైనప్పుడు గుర్తొచ్చిన మాట వక్ఫ్. వక్ఫ్‌లో అసలు నిలిచి ఉంటుంది, దాని ఫలితం అందరికీ పారుతుంది. ఒకసారి వక్ఫ్ చేశాక, ఔలాద్ వచ్చి మా దాదాజాన్ ఆస్తి అని అమ్ముకోవడానికి లేదు. జీపీఎల్ షర్త్ కూడా అలాంటిదే. తీసుకో, వాడుకో, మార్చుకో. కానీ మార్చినదాన్ని పంచితే అదే షర్త్ మీద పంచాలి, తాళం వేయకూడదు. ఈ పోలికకు హద్దు ఉంది. ఇక్కడ రాసినవాడి కాపీరైట్ అతని దగ్గరే ఉంటుంది, ఇచ్చేది ఇజాజత్ మాత్రమే. ఇంకొక తేడా మనకు అనుకూలం. వక్ఫ్ భూమి ఒకరు వాడితే ఇంకొకరికి తగ్గుతుంది, ప్రోగ్రాము కోటిమంది వాడినా తగ్గదు.

అన్ని లైసెన్సులూ వక్ఫ్‌లా ఉండవు. కొన్ని సబీల్‌లా ఉంటాయి. దాహం వేసినవాడు వచ్చి తాగి పోతాడు, షర్తులు ఉండవు, సీసాలో నింపుకుని అమ్ముకున్నా ఎవరూ ఆపరు. హర్ఫ్‌బజ్ ఆ రెండో రకం. రెండు రకాలవాళ్ల మధ్యా బహస్ నేటికీ నడుస్తోంది. 1998లో కొందరు ఈ మొత్తానికి 'ఓపెన్ సోర్స్' అని పేరు పెట్టారు, వ్యాపారులు భయపడకుండా ఉంటారని. స్టాల్‌మన్‌కి ఆ పేరు నచ్చలేదు, అందులో ఆజాదీ అన్న మాట పోయిందని.

ఒకే ఏడు, రెండు వార్తలు

1991ని మనం గుర్తుపెట్టుకోవాలి. ఆ ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, వయసు 21, తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని లోకానికి కబురు పెట్టాడు. అదే లినక్స్. మరుసటి ఏడు దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాడు. గ్నూ వాళ్ల దగ్గర ఇల్లంతా ఉంది, పునాదిలాంటి ఒక్క ముక్క తక్కువ. లీనస్ దగ్గర ఆ ముక్క ఉంది.

అదే ఏడు అక్టోబరులో యూనికోడ్ మొదటి రూపం వచ్చింది. ప్రపంచంలోని ప్రతి హర్ఫ్‌కీ ఎవరి సొత్తూ కాని ఒక నంబరు ఇవ్వాలని దాని ఉద్దేశం. ఆ మొదటి రూపంలోనే అరబీ లిపి ఉంది, తెలుగు ఉంది. మొదటిసారి మన అక్షరానికి ఏ కంపెనీ మీదా ఆధారపడని చిరునామా దొరికింది.

చిరునామా దొరికినంత మాత్రాన ఇల్లు కట్టినట్టు కాదు. ఆ పనికి ఇరవై ఏళ్లు పైన పట్టింది. దేశికాచారి పోతన, వేమన అనే తెలుగు ఫాంట్లు తయారుచేసి జీపీఎల్ కింద వదిలారు. లాహోర్‌లో ఉర్దూ భాషా పరిశోధకులు నఫీస్ నస్తలీఖ్ తెచ్చారు. అమెరికాలోని సిలికానాంధ్ర చాలా తెలుగు ఫాంట్లను అందరికీ తెరిచింది. 2014లో గూగుల్ నోటో నస్తలీఖ్ ఉర్దూ అనే ఫాంట్‌ను ఆజాద్ లైసెన్సుతో విడుదల చేసింది. ఆ తర్వాత జరిగింది చూడండి. 2017లో ఆపిల్ తన ఐఫోన్లలో నస్తలీఖ్ పెట్టినప్పుడు తీసుకున్నది అదే ఫాంట్. బజారులో ఒకరి మీద ఒకరు పోటీ పడే రెండు కంపెనీలు ఒకే బావిలో చేద వేశాయి. తాళం ఉన్న రోజుల్లో ఇది ఊహకు కూడా అందేది కాదు.

ఎండిపోయిన ఉమ్మీద్‌లు

ఇంతవరకు చదివి అంతా ఫతహ్ అనుకుంటే పొరపాటు. ఆజాద్ కంప్యూటర్ మీద పెట్టుకున్న ఆశల్లో చాలా ఎండిపోయాయి. అవి కూడా చెప్పుకోవాలి.

బెంగళూరులో కొందరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు, ఇంజినీర్లు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్ తయారుచేసి 2001లో చూపించారు. లోపల లినక్స్, వేలితో తాకే తెర, ఒక ఊరంతా వంతులవారీగా వాడుకునేలా కార్డు. ఈనాటి స్మార్ట్‌ఫోన్ ఆలోచన మన దగ్గర అప్పుడే పుట్టిందన్నమాట. 2004లో బజారుకు వచ్చింది, అనుకున్నదాంట్లో కొద్దిభాగమే అమ్ముడైంది. వెల పేదవాడికి అందలేదు, ఈలోగా మొబైల్ వచ్చేసింది. 2005లో నికొలస్ నెగ్రోపోంటే 100 డాలర్ల ల్యాప్‌టాప్ అన్నాడు, పేద దేశాల పిల్లలందరికీ అన్నాడు. అందులోనూ లినక్సే. వెల దాదాపు రెట్టింపైంది. మన కేంద్ర విద్యాశాఖ 2006లోనే వద్దంది. ఉరుగ్వే దేశం మాత్రం తన ప్రాథమిక బడి పిల్లలందరికీ ఇచ్చింది.

ఫోన్‌ల కథ ఇంకా చేదు. 2008లో ఆండ్రాయిడ్ వచ్చినప్పుడు, లినక్స్ ప్రతి జేబులోకీ చేరబోతోందని సంబరపడ్డారు. చేరింది కూడా. కానీ లోపల లినక్స్ ఉన్నా, చాలా ఫోన్‌ల బయటి తలుపుకి కంపెనీ తాళం ఉంది. కొన్నేళ్లయ్యాక కొత్త అప్‌డేట్‌లు ఆపేస్తారు, ఇంకొకటి వేసుకుందామంటే తలుపు తెరుచుకోదు. పునాది వక్ఫ్, పైన కట్టినది కిరాయి ఇల్లు.

మరి ఎక్కడ నిలిచింది? కేరళలో. 2001లో అక్కడ సర్కారీ బడుల్లో ఐటీ@స్కూల్ అనే కార్యక్రమం మొదలైంది. తర్వాతి ఏళ్లలో అది పూర్తిగా ఆజాద్ సాఫ్ట్‌వేర్ మీదికి మారింది. వాళ్లు బడులకు డబ్బాలు పంపించి ఊరుకోలేదు. టీచర్లకు తర్బియత్ ఇచ్చారు, పాఠాలు మలయాళంలో రాశారు, పాడైతే బాగుచేసుకునేలా బడుల్లోనే మనుషుల్ని తయారుచేశారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఇంజినీరింగ్ విద్యార్థులను కూడగట్టి, తెలుగులో నడిచే లినక్స్ తయారుచేశారు. పేరు చూడండి, ముఫ్త్, ఆజాద్ ఫరక్ ఆ ఒక్క మాటలోనే తేల్చేశారు. సింప్యూటర్‌కూ కేరళకూ ఉన్న తేడా యంత్రంలో లేదు. ఒకచోట యంత్రం ముందు వెళ్లింది, ఇంకోచోట ఉస్తాద్ ముందు వెళ్లాడు.

ముతవల్లీ లేని వక్ఫ్

వక్ఫ్ గురించి మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన మాట ఒకటుంది. దస్తావేజు ఎంత గట్టిదైనా, చూసుకునే ముతవల్లీ లేకపోతే భూమి మిగలదు.

2024 మార్చిలో అచ్చం అదే జరగబోయింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైళ్లను కుదించడం దాని పని, ప్రపంచంలోని లెక్కలేనన్ని లినక్స్ యంత్రాలు దాన్ని వాడతాయి. దాన్ని ఏళ్ల తరబడి ఒక్క మనిషి, జీతం లేకుండా, అలసిపోతూ చూసుకుంటూ వచ్చాడు. 'జియా టాన్' అనే మారుపేరుతో ఎవరో సాయం చేస్తానని చేరి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా పని చేసి, భరోసా సంపాదించి, చివరికి అందులో ఒక దొంగ తలుపు పెట్టారు. అది వ్యాపించి ఉంటే ప్రపంచంలోని సర్వర్లలోకి చడీచప్పుడు లేకుండా దూరిపోయేవాళ్లు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు, తన కంప్యూటర్‌లో లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి, తవ్వి పట్టుకున్నాడు.

ఈ వాకియాను రెండు రకాలుగా చెబుతారు. చూశారా, అందరికీ తెరిచిపెడితే దొంగలు వస్తారు అని కొందరు. చూశారా, తెరిచి ఉంది కాబట్టే సంబంధం లేని మనిషి కూడా లోపలికి చూసి పట్టుకోగలిగాడు అని కొందరు. రెండూ నిజమే. నాకు మాత్రం ఆ అలసిపోయిన మనిషే కళ్ల ముందు మెదులుతాడు. కోట్ల రూపాయల కంపెనీలు అతని మెహనత్ మీద నిలబడ్డాయి. నీవు ఎలా ఉన్నావని అడిగే తీరిక వాటికి లేకపోయింది. సాయానికి వస్తానన్నది ఒక్క దొంగ.

ఇక ముందు

ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లు 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. అదే లినక్స్ వాటా ఇళ్లలోని, ఆఫీసుల్లోని కంప్యూటర్లలో 4 శాతం దాటడానికి స్టాట్‌కౌంటర్ లెక్క ప్రకారం 2024 రావాల్సి వచ్చింది. ఎక్కువ తెలిసినవాళ్లు ఆజాద్ యంత్రం వాడుకుంటున్నారు, మనం కిరాయి కడుతున్నాం. ఉమ్మీద్ ఈ దూరం తగ్గడం మీదే.

దానికి ఇప్పుడొక మౌకా ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసింది. బాగా పనిచేసే పాత కంప్యూటర్లు ఎన్నో విండోస్ 11కి పనికిరావు. అవి కబాడీకి వెళ్లక్కర్లేదు. చాలావాటిలో లినక్స్ వేస్తే ఇంకొన్నేళ్లు నడుస్తాయి. రాయడానికి లిబ్రెఆఫీస్, చూడటానికి ఫైర్‌ఫాక్స్, టైపు చేయడానికి ఉర్దూ, తెలుగు కీబోర్డులు రెండూ అందులోనే. అన్నీ నడుస్తాయని నేను చెప్పను. దుకాణం లెక్కలకో, ప్రింటింగ్ ప్రెస్సుకో వాడే కొన్ని సాఫ్ట్‌వేర్లు అందులో నడవవు. అలాంటివాళ్లు తొందరపడొద్దు. కానీ పదో తరగతి పిల్లల చదువుకూ, మదర్సాలో పాఠాల తయారీకీ, మస్జిద్ లైబ్రరీ జాబితాకూ అది చాలు.

దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మనలాంటివాళ్లు రాసే తెలుగులో ఖాలా, ఇద్దత్, మెహర్, దస్తర్‌ఖాన్ లాంటి మాటలు వస్తాయి. స్పెల్లింగ్ చూసే సాఫ్ట్‌వేర్‌కి అవి తెలియకపోతే కింద ఎర్ర గీత గీస్తుంది. మన ఇంటి మాట తప్పు అని యంత్రం చెబుతుంది, పిల్లవాడు దాన్ని నమ్మి మార్చేస్తాడు. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో మనం అర్జీ పెట్టుకుని ఎదురుచూడాలి. లిబ్రెఆఫీస్‌లో వాడే తెలుగు నిఘంటువు తెరిచి ఉన్న ఫైలు. మనలో ఎవరైనా కూర్చుని ఆ మాటలను జాబితాగా రాసి చేర్పిస్తే, అందరి కంప్యూటర్లలోనూ ఆ గీత పోతుంది. ఇందుకు ఇంజినీరింగ్ అక్కర్లేదు, ఇల్మ్ మీద షౌక్ ఉంటే చాలు. నానీమాల నోట్లో ఇంకా బతికున్న దక్కనీ మాటలు వాళ్లతోపాటు వెళ్లిపోకముందే ఎవరో ఒకరు చేయాల్సిన పని ఇది.

మన పిల్లల్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లకు తక్కువేం లేదు. గల్ఫ్‌లో, అమెరికాలో, హైటెక్ సిటీలో పని చేస్తున్నారు. వాళ్లు పొద్దున లేచి వాడే ప్రతి పనిముట్టు వెనుక ఏదో ఒక ఆజాద్ సాఫ్ట్‌వేర్ ఉంది. నెలలో నాలుగు గంటలు దానికి తిరిగి ఇస్తే, ఆ అలసిపోయిన ముతవల్లీ పక్కన ఇంకొకరు కూర్చున్నట్టవుతుంది.

మీ ఇంట్లో దుమ్ము పట్టిన పాత ల్యాప్‌టాప్ ఉంటే ఈ సెలవుల్లో బయటికి తీయండి. పిల్లలతో కూర్చుని లినక్స్ వేయించండి. ముందుగా అందులోని ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం మరవకండి. తర్వాత నానీమాను పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ చెప్పే మాటలు ఒక్కొక్కటిగా యూనికోడ్‌లో రాయించండి. వంద మాటలైనా చాలు, వాటికి ఎవరి తాళమూ ఉండదు.